కార్బురేటర్ వద్దన్న శాంతిరాజు

కాకినాడ శాంతిరాజుకు ఒకటే జబ్బు. ఎవరైనా "నీకెందుకయ్యా" అన్నారంటే, సరిగ్గా ఆ పనే చేస్తాడు. బహ్రెయిన్‌లో, సల్మాబాద్ గ్యారేజీలో పదేళ్లకు పైగా ఊరందరి కార్లూ బాగుచేశాడు. బాగైన ప్రతి కారునూ గేటు దాకా నడిపి, తాళాలు ఇంకొకరి చేతిలో పెట్టి, వెనక్కి నడిచొచ్చాడు. తొంభై ఆరులో ఎవరో వదిలేసిపోయిన పాత అమెరికన్ కారు, ఎనిమిది సిలిండర్లది, యార్డు మూలన దుమ్ము కొట్టుకుపోతుంటే తనకు వీసా ఇచ్చిన గ్యారేజీ యజమాని, కఫీల్‌ని అడిగి తన పేరున రాయించుకున్నాడు. నీకెందుకయ్యా అని పనివాళ్ల క్యాంపంతా నవ్వింది. ఆ నవ్వు విన్నాక ఇక అతన్ని ఆపడం ఎవరి తరం?

కారుకు ఒక తెగులుంది. పాత యజమాని పరుగు కోసం ఇంజన్‌లో గాలి కవాటాలు తెరిచే క్యామ్ షాఫ్ట్ పెద్దది వేయించాడు. లోపలి కంప్యూటర్‌కు ఆ సంగతి తెలియదు. అది గాలిని కొలవదు. ఇంజన్ పీల్చే జోరును బట్టి గాలి ఇంత ఉంటుందిలే అని ఊహించి, దానికి తగ్గట్టు పెట్రోలు పోస్తుంది. క్యామ్ మారాక ఆ ఊహ తప్పింది. రోడ్డు మీద దూసుకుపోయే బండి, సిగ్నల్ దగ్గర ఆగగానే వణికి చచ్చేది.

ఫోర్‌మన్ బాఖర్‌ది నిజామాబాద్. మంచివాడే కానీ, అతని దగ్గర అన్ని రోగాలకూ ఒకటే మందు.

"గా కంప్యూటర్, పెట్రోల్ చిమ్మే ఇంజెక్షన్ అన్నీ పీకి పారెయ్ భాయ్. పాత జమానా కార్బురేటర్ ఏస్కో. పొద్దుగాల షురూ జేస్తే మాపటికల్ల నడుస్తది. మనసొంటోళ్లకు గీ నఖరాలెందుకు?"

మనసొంటోళ్లకు! ఆ మాటకే శాంతిరాజుకు కాలింది.

"ఇంజెక్షన్‌తో వచ్చిందది. ఇంజెక్షన్‌తోనే నడుద్ది," అన్నాడు.

అమెరికా నుంచి చిప్ తెప్పిద్దామా అని కొన్నాళ్లు ఊగాడు. చిప్ వేస్తే కంప్యూటర్‌కు కొత్త లెక్క వస్తుంది, నిజమే. కానీ ఎక్కడో కూర్చున్నవాడు ఈ ఇంజన్ మొహం చూడకుండా రాసే లెక్క అది. రేపు ఇంకో ముక్క మారిస్తే మళ్లీ వాడి కాళ్లు పట్టుకోవాలి. ఒకరి కాళ్లు పట్టుకోవడం శాంతిరాజుకు రాని విద్య. చివరికి ఊహించడం మాని, గాలిని కొలిచే పద్ధతికే మొగ్గాడు. అదే కారు కొత్త మోడల్ ఒకటి తుక్కు యార్డులో ముక్కు పగిలి పడుంటే, దాని కంప్యూటరూ, గాలి గొట్టంలో కూర్చునే సెన్సరూ ఊడదీసుకొచ్చాడు. ఆ సెన్సర్‌లో వెంట్రుకంత తీగ ఒకటి వేడిగా ఉంటుంది. దాన్ని గాలి ఎంత చల్లారిస్తే అంత గాలి లోపలికి పోతున్నట్టు లెక్క.

ఇంతలో కఫీల్‌కు యార్డులో జాగా కావాల్సి వచ్చింది. శుక్రవారం సాయంత్రానికి బండి తనంతట తాను గేటు దాటాలి, లేదంటే తుక్కు లారీ ఎక్కుతుంది, ఖలాస్ అన్నాడు.

అక్కడ సెలవు శుక్రవారమే. ఆ రోజు ఆరాధన అయ్యాక, శాంతిరాజు వెళ్లే తెలుగు క్రైస్తవ సహవాసం వాళ్లంతా గ్యారేజీకొచ్చారు. కొత్త బండికి ప్రార్థన చేసి నూనె రాయడం వాళ్ల ఆనవాయితీ. సంఘ పెద్ద బెన్‌హర్‌గారు ఒలీవ నూనె బానెట్టుకు రాశారు, స్టీరింగుకు రాశారు. "కొత్తగా వేస్తున్నదేది బ్రదర్?" అని అడిగారు. బిగించబోతున్న సెన్సర్‌ని శాంతిరాజు పసిబిడ్డను చూపినట్టు రెండు చేతులా ఎత్తి పట్టాడు. పెద్దాయన వేలు ముంచి గొట్టం లోపల నిండుగా రాశారు. అందరూ ఆమెన్ అన్నారు. శాంతిరాజు అందరికన్నా గట్టిగా అన్నాడు.

బిగించి తాళం తిప్పితే బండి దగ్గింది, ఊగింది, ఆగిపోయింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ అంతే. ఈలోగా తుక్కు లారీ వచ్చి గేట్లో నిలబడింది. బాఖర్ షెడ్డులోంచి పాత కార్బురేటర్ ఒకటి పట్టుకొచ్చాడు.

"ఇంకా టైమున్నది. నలుగురం కలిసి ఏస్తం. ఇగ మొండితనం ఇడువు భాయ్."

"ప్రభువుకిష్టం లేదేమో బ్రదర్," అన్నారు బెన్‌హర్‌గారు మెల్లిగా. "గర్వం మంచిది కాదు."

శాంతిరాజుకు ఒళ్లు మండిపోయింది. విసురుగా సెన్సర్ ఊడదీసి వెలుతురులో పట్టి చూశాడు. తీగ మీద నూనె మెరుస్తోంది. నూనె పట్టిన తీగ గాలిని ఏం కొలుస్తుంది? తనే ఎత్తి పట్టాడు, పైగా ఆమెన్ కూడా అన్నాడు! తన తెలివికి తనే తిట్టుకుని, కడిగే స్ప్రే అందుకున్నాడు.

"అభిషేకించిన నూనె కడిగేస్తావా?" పెద్దాయన గొంతు మారింది.

శాంతిరాజు భార్య లూర్దుమేరి అతని చెయ్యి పట్టుకుంది. సంఘంలో పాటలందుకునేది ఆమే. పెద్దల మాటకు ఏనాడూ ఎదురు చెప్పిన మనిషి కాదు.

"వద్దండీ, పాపం తగులుద్ది."

"తప్పు నూనెది కాదు మేరీ, అయ్యగారిదీ కాదు. బుద్ధిలేక పట్టుకెళ్లి చూపించింది నేను. కానీ ఇది కడక్కపోతే బండి కదలదు. బండి కదలకపోతే, మనలాంటోళ్లకెందుకన్న ప్రతివాడి ముందూ నేను తలూపాలి. నావల్ల కాదు. దేవుడికి కోపమొస్తే నామీదే రానీ."

చెయ్యి విడిపించుకుని కడిగేశాడు. ఆరనిచ్చి, బిగించి, తాళం తిప్పాడు. బండి ఒక్కసారి గర్జించి కుదురుకుంది. ఈసారి వణకలేదు, ఆగలేదు. బాఖర్ కార్బురేటర్ కింద పెట్టి "వారెవ్వా" అన్నాడు. బెన్‌హర్‌గారు మాత్రం నూనె సీసాకు మూత బిగించేశారు.

గేటు నిండా లారీ ఇంకా అలాగే ఉంది. దాని డ్రైవరు కిటికీలోంచి చూస్తున్నాడే గాని కదలడం లేదు. శాంతిరాజు బండిని దాని మూతి దాకా తెచ్చి ఆపాడు. ఇంజన్ ఆపలేదు. పక్క తలుపు తెరుచుకుంది. లూర్దుమేరి ఎక్కి కూర్చుని, చీర చెంగు లోపలికి లాక్కుని, తలుపు గట్టిగా వేసింది.

"చూస్తారేంటి, హారన్ కొట్టండి," అంది.

కొట్టాడు. లారీయే వెనక్కి తగ్గింది.