లింగయ్య లారీకి పవర్ బ్రేకు

గద్వాలలో రాయచూరు రోడ్డున ఉన్న జాన్ షెడ్డుకు బోర్డు లేదు. అక్కర్లేదు కూడా. బ్రేకు పట్టని బండి ఎక్కడికి పోవాలో ఆ దారిన తిరిగే డ్రైవర్లందరికీ తెలుసు. జాన్‌కు యాభై రెండేళ్లు. తల్లిదండ్రులు వలస కూలీలు, ఊళ్లు తిరిగి మట్టిపని చేసినవాళ్లు. ఒకసారి కూలీల లారీ ఘాట్‌లో బ్రేకు పట్టక బోల్తా పడి అతని అక్క పోయింది. అందుకే ఈ పనిలోకి వచ్చానని అతను ఎన్నడూ చెప్పుకోలేదు. కానీ ఇంజను పనికి రమ్మన్నా, పెయింటు పనికి రమ్మన్నా పోలేదు. ముప్పై ఏళ్లుగా బ్రేకులే.

అతనికి ఒక అలవాటుంది. తయారైన బండిని గేటు దగ్గర ఆపించి, డ్రైవరు తలుపు మీద చెయ్యేసి, అసలు మాట అప్పుడు చెబుతాడు. షెడ్డులో చెప్పిన మాటను డ్రైవర్లు షెడ్డులోనే వదిలేసి పోతారని అతని నమ్మకం. నిజమే, డ్రైవర్ల చెవులు బీడీ వెలిగించుకున్నంత సేపే పని చేస్తాయి.

పెద్దమందడి లింగయ్యది తండ్రి నాటి లారీ. ముందుకు పొడుచుకొచ్చిన ముక్కుతో ఉండే పాతకాలం బండి. దాని ఇంజను ఆగిపోతే, తుక్కులో దొరికిన కొత్తరకం లారీ ఇంజను తెచ్చి ఎక్కించాడు. ఇంజను కొత్తదైంది, బ్రేకులు తండ్రి కాలానివే మిగిలాయి.

“అన్నా, ఇది ఉరుకుడు ఉరుకుతది గని నిలవడతలేదు. రెండు కాళ్లతోని తొక్కుతున్న.”

“ఇంజను మార్చినోనివి, ఆగుడు సంగతి యాదికి రాలేదా? ఇంటికాడ నీ పెండ్లాం జోగులమ్మ చెయ్యి అడ్డం పెడితే ఆగుతదనుకున్నవా?”

లింగయ్య నవ్వాడు. పవర్ బ్రేకు పెడతానని జాన్ మాటిచ్చాడు.

ఎనిమిది రోజులు పట్టింది. బ్రేకుకు బలమిచ్చే గుండ్రటి డబ్బాను పెడలు ముందర పెడదామంటే స్టీరింగు రాడ్డు అడ్డమొచ్చింది. చివరికి క్యాబిన్ కింద చాసిస్‌కు ఇనుప పలక వెల్డింగు చేసి దాన్ని కూర్చోబెట్టాడు. డబ్బాలోంచి గాలి పీల్చే పంపు డైనమో వెనకాల ఉంటుంది. ఇంజను తిరిగితేనే అది తిరుగుతుంది. ఇంజను ఆగితే డబ్బాలో మిగిలిన బలం రెండు తొక్కులకే. దానికి తోడు, డబ్బాకు తగ్గట్టు పెడలు కడ్డీకి జాన్ కొత్త రంధ్రం వేసి పట్టు తగ్గించాడు. పని తెలిసినవాడెవడైనా చేసేది అదే. డబ్బా సాయం ఉంటే బొటనవేలితో నొక్కినా బండి ఆగుతుంది. సాయం లేకపోతే ఆ పెడలు పాతదానికన్నా మొండిది.

పైపుల్లో గాలి తీసేటప్పుడు భార్య ప్రేమలత సీటెక్కి కూర్చుంది. కింద నుంచి అతను “తొక్కు” అంటే తొక్కింది, “పట్టు” అంటే పట్టింది. ఒక్క బుడగ కూడా రాదని తేలేదాకా ఆమెను దిగనివ్వలేదు.

బండి తీసుకెళ్లే రోజు జోగులమ్మ కొబ్బరికాయతో, గుమ్మడికాయతో వచ్చింది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. “మంచి గడియ దాటిపోతది, జల్ది పోనియ్యి” అని మొగుణ్ణి తొందరపెట్టింది. పూజ జరుగుతుంటే జాన్ దూరంగా నిలబడతాడు. చర్చికి పోయే మనిషి హారతి ముందర నిలబడితే ఇద్దరికీ ఇబ్బందేనని ముప్పై ఏళ్లుగా పాటిస్తున్న మర్యాద అది. ఆ మర్యాద మండిపోను! లారీ నిమ్మకాయలు తొక్కుకుంటూ గేటు దాటిపోయింది. తలుపు మీద చెయ్యి పడలేదు, మాట నోట్లోనే ఉండిపోయింది.

సాయంత్రం ఫోన్ చేద్దామనుకున్నాడు. చేయలేదు. ఆదివారం ప్రార్థన మధ్యలో గుర్తొచ్చింది, బయటికి రాగానే మళ్లీ మరిచాడు. దీనికి సాకు లేదు, అతనూ వెతుక్కోలేదు.

చెప్పాల్సిన మాట ఏమంత పెద్దది? లింగయ్యకు తండ్రి నేర్పిన విద్య ఒకటుంది. దిగుడు వస్తే ఇంజను బంద్ చేసి, న్యూట్రల్‌లో బండిని వదిలేయడం. డీజిల్ మిగులుతుంది. తండ్రి బతికినన్నాళ్లూ అలాగే నడిపాడు, ఏమీ కాలేదు. పాత బ్రేకుకు ఇంజనుతో పని లేదు మరి. ఒకప్పుడు ఆ క్యాబిన్‌లో పక్కన కూర్చొని ఆ విద్య చూసినవాడే జాన్. “ఇప్పటి నుంచి దిగుట్ల ఇంజను బంద్ చెయ్యకు” అంటే సరిపోయేది.

మంగళవారం పొద్దున వేరుశనగ బస్తాలతో బీచుపల్లి వైపు దిగుతూ లింగయ్య ఇంజను ఆపాడు. ముందర కలుపుకు పోయే ఆడవాళ్లతో ట్రాక్టరు ఉంది. రెండు తొక్కులయ్యాక బ్రేకు మొండికేసింది. దానికి తగలకుండా బండిని పక్కకు తిప్పి కంకర గుట్టకు కొట్టాడు. ట్రాక్టరులో ఎవరికీ గీత పడలేదు. లింగయ్య ఛాతీ స్టీరింగుకు నలిగి, దవాఖానకు చేరకముందే ప్రాణం పోయింది.

జాన్ వెళ్లి బండి చూశాడు. తాళంచెవి ఇంజను ఆపినప్పుడు తిప్పిన చోటే ఉంది, గేరు న్యూట్రల్‌లో ఉంది. పెడలు కడ్డీ వంగిపోయి ఉంది. వేలెడు మందం ఇనుము అది. దాన్ని వంచేంతగా తొక్కాడంటే ఆ మనిషి ఎంత బతకాలనుకున్నాడో! జాన్ రోడ్డు మీదే కూలబడి ఏడ్చాడు. పరీక్షకు వచ్చిన అధికారి బ్రేకుల్లో లోపమేమీ లేదని రాసుకుని పోయాడు.

పదకొండో దినం అయ్యాక జాన్ పెద్దమందడికి పోయాడు. జోగులమ్మ గోడకు ఆనుకొని కూర్చుంది. ఇన్ని రోజుల్లో ఆమె గొంతెత్తి ఏడవలేదని చుట్టాలు చెప్పారు.

“నిజం చెప్పు అన్నా. బ్రేకులు ఫెయిలైనయా?”

“లేదు చెల్లె. ఇంజను బంద్ చేస్తే అవి పట్టయ్. ఆ మాట లింగయ్యకు చెప్పాల్సుండె. నేను చెప్పలే.”



“గేటుకాడ అందరికి చెప్తవంట గద. ఆయనే అంటుండె. ఆ దినం ఎందుకు రాకపోతివి?” అని, ఆమె ఒక్కసారి ఆగింది. చూపు తన చేతుల మీదికి దిగింది. “నేను నిమ్మకాయలు పెట్టుకుంట జల్ది జల్ది అంటి... గందుకేనా అన్నా? నువ్వు మా పూజ కాడికి రావు గద...”

బ్రేకుల విషయంలో జాన్ అప్పటిదాకా ఎన్నడూ ఎవరికీ అబద్ధం చెప్పలేదు.

“కాదు చెల్లె. ఫోనొచ్చింది. మాట్లాడుకుంట మర్చిపోయిన.”

“ఫోనా?” అంది ఆమె. లేచి నిలబడింది. “ఫోన్ల ముచ్చట పెట్టుకుంట నా మొగుణ్ణి చంపినవా? నా వాకిట్ల నిలవడకు, పో!” పిడికెడు మట్టి తీసి అతని మీద విసిరింది.

“సరే చెల్లె” అన్నాడు జాన్.

అప్పుడు ఆమె గొంతెత్తి ఏడ్చింది. అతను వాడ దాటేదాకా ఆ ఏడుపులో తిట్టిన పేరు జాన్‌దే.