ఆర్లిస్ తేలిక చేసిన ట్రిగ్గర్

పోటీలో గెలవలేక ఆర్లిస్ కూంబ్స్ తన స్నేహితుడు డెల్మర్ పిస్తోలును కావాలనే చెడగొట్టాడని మా వాగు పొడవునా ఉన్న ఇళ్లల్లో ఒక మాట తిరుగుతోంది. ఆ మాట నోవా జుట్టు కత్తిరించే కొట్లో పుట్టింది. పుట్టినప్పుడు తల మీద తడి తువ్వాలుతో నేనూ అక్కడే ఉన్నాను కనక, సరిదిద్దే పూచీ నాదే.

ఆర్లిస్ మా పక్కింటివాడు. ముప్పై ఏళ్లు బొగ్గు గనిలో పనిచేసి, ఊపిరి చాలక ఇంటిపట్టున ఉన్నాడు. భార్య పోయాక మిగిలిన సరదా ఒక్కటే, పిస్తోళ్ల ట్రిగ్గర్లు మెరుగు చేసుకోవడం. పదకొండు పిస్తోళ్లుండేవి. వెనక వసారాలో బల్ల ముందు కూర్చుని, కంటికి భూతద్దం తగిలించుకుని, గోరంత ఉక్కుముక్కను పొద్దంతా నునుపు చేసేవాడు. చేపలు తూచే కొక్కెం త్రాసును ట్రిగ్గర్‌కు తగిలించి లాగి, ఎన్ని పౌండ్ల బరువుకు కదిలిందో చూసుకునేవాడు.

కంచె ఇవతల ఉండి అడక్కుండా ఉండడం నా వల్ల కాదు.

"ఏరా అబ్బాయ్, మూడ్రోజుల్నించీ అదే ముక్క రుద్దుతున్నావు, అరిగి మాయమైపోదూ?"

"నీ నాలుక అరిగిందా వెర్డీ అత్తా, ఇది అరగడానికి? నొక్కితే గాజుపుల్ల విరిగినట్టుండాలి. అంతదాకా వదలను."

డెల్మర్ ఫ్యూగేట్ అతనితోపాటే గనిలో దిగినవాడు. శనివారం శనివారం అగ్నిమాపక కేంద్రం వెనక కాగితపు గురుల మీద పోటీ జరిగేది. డెల్మర్ మొదటివాడు, ఆర్లిస్ రెండోవాడు. ఎప్పుడూ అంతే. తర్వాత అందరం తెచ్చిన గిన్నెలు బల్ల మీద పెట్టుకుని తినేవాళ్లం. డెల్మర్ ఒంటరి మనిషి. వారంలో గడ్డం గీసుకునేది ఆ ఒక్కరోజే.

"నీ ట్రిగ్గర్లు బంగారంరా ఆర్లిస్, గురే మట్టి," అనేవాడు మొక్కజొన్న రొట్టె నములుతూ.

"నీ గురి బంగారమే. పిస్తోలు మాత్రం దొడ్డి తలుపు గడియ. ఒక్కసారి నా చేతికివ్వవోయ్!"

పద్నాలుగేళ్లు ఇవ్వలేదు. పోయిన వసంతంలో తనే పట్టుకొచ్చాడు. ఆపిల్ కేకు ఇద్దామని నేనూ అప్పుడే వసారాలోకి వెళ్లాను.

"ట్రిగ్గర్ తెలియట్లేదురా ఈమధ్య," అన్నాడు డెల్మర్, పిస్తోలున్న చెయ్యి చాపి.

ఆర్లిస్ మొహం వెలిగిపోయింది. "ఇప్పటికి దారికొచ్చావు! తెలిసేలా చేస్తాగా."

పది రోజులు అన్నం మీద ధ్యాస లేదు అతనికి. నాలుగు పౌండ్లు పట్టేదాన్ని రెండుకు దించాడు. తన వేలితో వందసార్లు నొక్కి చూసుకున్నాడు. తన వేలితోనే.

ఆ శనివారం డెల్మర్ వరసలో నిలబడ్డాడు. కాల్చమనే కేక ఇంకా రాలేదు. పిస్తోలు ఎత్తుతుండగానే పేలింది. గుండు పది అడుగుల ముందు మట్టిలో దిగబడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, దేవుడి దయ. డెల్మర్ మాత్రం తన చెయ్యి తనది కాదన్నట్టు చూసుకుంటూ నిలబడిపోయాడు. ఇక వరసలోకి రావద్దని క్లబ్బు పెద్దలు మర్యాదగానే చెప్పారు. మర్యాదగా చెప్పినా తేడా ఏముంది? భోజనానికి కూడా ఆగకుండా వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

"ఇంకేం, పోటీ కప్పు ఆర్లిస్‌కే," అంది నోవా తన కొట్లో, నా తలకు తువ్వాలు చుడుతూ.

ఆ మాట మోసేవాళ్లకు తెలియనిది చెబుతాను. ఆ రోజు నుంచి ఆర్లిస్ కూడా అక్కడ అడుగు పెట్టలేదు. బల్ల మీద దుప్పటి కప్పేశాడు. రెండుసార్లు డెల్మర్ ఇంటిదాకా నడిచి, గేటు ముట్టుకోకుండా తిరిగొచ్చాడు. ఆ ఇల్లు వాగు అవతలే, మా కిటికీలోంచి చూశాను.

ఉండబట్టక చిక్కుడుగింజల గిన్నె పట్టుకుని డెల్మర్ దగ్గరికి నేనే వెళ్లాను. వారం గడ్డంతో అరుగు మీద కూర్చున్నాడు.

"అంత తేలిక చెయ్యమని ఎందుకడిగావయ్యా?"

"తేలిక చెయ్యమని అన్లేదు అత్తా. తెలియట్లేదన్నాను. షుగరొచ్చి ఈ వేలు మొద్దుబారిపోయింది. సూదితో గుచ్చినా తెలీదు. ఆ రోజు వేలు ట్రిగ్గర్ మీదుందనే తెలీలేదు నాకు."

"ఆ ముక్క నోరు విప్పి చెప్పలేకపోయావా?"

"వాడితోనా? పద్నాలుగేళ్లుగా ఓడిస్తున్నాను వాణ్ణి. నా వేలు చచ్చిందని ఎలా చెప్పను? వాడికే అర్థమవుతుందనుకున్నా."

తిరిగొచ్చి నేరుగా ఆర్లిస్ వసారాలోకి వెళ్లాను. చేతులు ఒళ్లో పెట్టుకుని, దుప్పటి కప్పిన బల్ల ముందు కూర్చున్నాడు. డెల్మర్ అన్నదంతా చెప్పాను. ఆశ్చర్యపోలేదు. అదే నాకు ఆశ్చర్యం.

"ఒరే, నిజం చెప్పు. ఆ రోజు వాడు చెప్పింది వేలి సంగతని నీకు తట్టలేదా?"

బల్ల మీది దుప్పటి అంచు సర్దాడు.

"చెయ్యి చాపి మరీ చెప్పాడు అత్తా. నేను దాంట్లోంచి పిస్తోలు మాత్రం తీసుకున్నాను."