ఇలారోలో ఆడిన ఉప్పాడ చీర

షికాగో మ్యూజియంలో ఆ కొయ్యముఖం కంటబడగానే పర్సిస్ టీచరు నిలబడిపోయింది. వెడల్పాటి నుదురు, బరువైన కనురెప్పలు. నెత్తిమీద కుట్టుమిషను ముందు కూర్చున్న చిన్న బొమ్మ.

తానుండే నేపర్‌విల్ నుంచి రైల్లో తీసుకొచ్చిన కూతురు ఫెబీ తొందరపెడుతోంది. పక్కనే ఒక గైడ్ అమ్మాయి బడిపిల్లలకు చెబుతోంది, దీన్ని ముఖానికి కట్టుకుని ఆడేవారని.

"ముఖానికి కాదమ్మా, నెత్తిమీద పెట్టుకుంటారు" అంది పర్సిస్ ఇంగ్లిషులో. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి, తప్పు వింటే ఊరుకోలేదు.

"మీరు చూశారా?" అంది గైడ్ ఆశ్చర్యంగా.

చూడకేం! పెళ్ళైన కొత్తలో ఆమె, భర్త దైవాశీర్వాదం నైజీరియాలోని ఇలారో అనే ఊళ్ళో టీచర్లుగా పనిచేశారు. అక్కడ గెలెడె అనే ఆట ఉండేది. ఊరి తల్లుల్ని, ముసలమ్మల్ని సంతోషపెట్టడానికి మగవాళ్ళు ఆడవేషం కట్టి ఆడతారు. ఆ వేషానికి ఊళ్ళో ఆడవాళ్ళే తమ బట్టలు ఇస్తారు. ఒక ఏడాది, ముఖాలు చెక్కే లసీసి ఆమె ఇంటికి వచ్చాడు. లెక్కల్లో గట్టెక్కిన కూతురిని వెంటబెట్టుకుని వచ్చి, "మా పిల్ల టీచరుని చెక్కాను, మీ చీర కావాలి" అన్నాడు.

దైవాశీర్వాదం ఒప్పుకోలేదు. "మనం ప్రార్థన చేసుకునేవాళ్ళం. ఆ ఆటలు మనకెందుకు? అటు పోకు" అన్నాడు. ఆయన ట్యూషన్ చెప్పడానికి వెళ్ళగానే ఆమె నీలం ఉప్పాడ చీర మడిచి లసీసి కూతురి చేతిలో పెట్టింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం సంత మైదానంలో డప్పులు మోగాయి. పర్సిస్ గుంపులో చివర నిలబడింది. వేషగాడి నెత్తిమీద, జడవేసుకుని చేత సుద్దముక్క పట్టిన బొమ్మ. కింద ముఖాన్ని కప్పిన పల్చని గుడ్డ, ఒంటినిండా తన నీలం చీర. ఇనుప అందెలు డప్పుతో గొంతు కలిపాయి. వేషగాడు నేరుగా ఆమె ముందుకొచ్చి మోకాలు వంచాడు. ముసలమ్మలు "ఇయా! ఇయా!" అని కేకలు వేశారు. అమ్మా అని దానర్థం. కళ్ళు తుడుచుకుని పక్కకి తిరిగితే, పామాయిల్ దుకాణం చాటున దైవాశీర్వాదం!

ఇద్దరూ వేరువేరు దారుల్లో ఇంటికి చేరారు. అన్నం తింటూ ఆయన అడిగాడు, "చీర ఉతికి ఇస్తారా, మనమే ఉతుక్కోవాలా?"

అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆయన పోయి ఆరేళ్ళు.

"ఇదంతా ఎప్పుడూ చెప్పలేదేం మమ్మీ?" అంది ఫెబీ.

"నువ్వు అడిగావా?"

పిల్లలు నేలమీద చతికిలబడి వింటున్నారు. "ఎలా డాన్స్ చేశారు, చూపించండి" అంది ఒక చిన్నది. చర్చిలో పాటకి చప్పట్లు కూడా గట్టిగా కొట్టని మనిషి, శాలువా ముఖంమీదికి లాక్కుంది. ఒక చేయి నెత్తిమీద ఆనించి, నొప్పి మోకాళ్ళు కొంచెం వంచి, మడమ నేలకి తాటించింది. ఒకటి, రెండు, ఆగి, మళ్ళీ రెండు. పిల్లలు లేచి వెనకాలే అడుగులు వేశారు. గైడ్ కూడా.

తిరిగి వచ్చేటప్పుడు రైలు తప్పిపోయింది. గంట దాకా ఇంకోటి లేదు. ఫెబీ ఫోన్ బ్యాగులో పడేసి తల్లి పక్కకి జరిగి కూర్చుంది.

"లసీసి కూతురు పేరేంటి మమ్మీ?"

పర్సిస్ మొదటినుంచి మొదలుపెట్టింది.