పన్నెండడుగుల ర్యాంపు

ఇది వీరగాథ. నదులు పొంగుతాయి, కప్పులు ఎగురుతాయి, సైనికులు ప్రాణాలకు తెగిస్తారు. చుట్టాల ఇళ్ళలో నేను చెప్పేది ఈ వెర్షనే. నిజానికి ఫిజీ ఆర్మీ తరఫున ఆ ఏడు వారాల డ్యూటీలో మేం కాల్చింది కసావా దుంపలు. నా ఆయుధం సుత్తి.

స్కూలు ముందు ట్రక్కు దిగేసరికి ఉదయం ఆరూ ఇరవై. లబాసా టౌను నుంచి గంటన్నర లోపలికి. వాన. తుఫాను వెళ్ళి పదకొండు రోజులు. చెరకంతా ఒకే వైపు పడుకుని ఉంది, పరేడ్‌లో ఎవరో ఆర్డరిచ్చినట్టు. సార్జెంటుతో కలిపి మేం ఎనిమిదిమందిమి. తలకో రెయిన్‌కోటు, రెండు జతల సాక్సులు. మూడో రోజుకి రెండు జతలూ తడివే. ఆర్డరు ఒక్కటే: స్కూలు హాలుకు కప్పు వేయాలి. తుఫానుల సీజను ఇంకా అయిపోలేదు. మళ్ళీ వస్తే ఊరంతా అందులోనే దూరాలి.

మాతో పాటు రాజధాని సువా నుంచి ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు వచ్చింది. మా తెలుగువాళ్ళ అమ్మాయే. ఆమె పనేమిటో మొదటి వారం మాకెవరికీ అంతుపట్టలేదు. మందులివ్వదు, కట్లు కట్టదు. చెయ్యి విరిగినావిడకి ఒంటిచేత్తో రోటీ వత్తడం నేర్పుతుంది. టేపు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, మళ్ళీ గాలి వస్తే ఎవరు ఏ మెట్టు దగ్గర ఆగిపోతారో పుస్తకంలో రాసుకుంటుంది.

"డాక్టరు ప్రాణం నిలబెడతాడు సార్జ్. ఆ ప్రాణంతో మనిషి పొద్దున్నే లేచి తన పని తను చేసుకోగలడా అన్నది నేను చూస్తాను," అంది.

సార్జెంటు రాసుకుంటున్నట్టు తలాడించాడు. ఆయన దగ్గర పెన్ను లేదు.

ఆమె పుస్తకంలో మొదటి పేరు ఒక తాతది. చక్కెర మిల్లులో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాడు. షుగరు జబ్బుతో ఒక కాలు మోకాలి దాకా తీసేశారు. ఒంటరివాడు. "మిల్లు చక్కెరంతా ఓడెక్కిపోనాది. నాది ఒంట్లోనే ఉండిపోనాది," అనేవాడు. మొన్నటి తుఫానులో ఆయన్ని తలుపు మీద పడుకోబెట్టి నలుగురు స్కూలుకి మోసుకొచ్చారు.

"బతికుండగా నలుగురు మోసీసినారు బాబూ. దారిలో ఓ ముసిల్ది దణ్ణం కూడా ఎట్టీసింది. మళ్ళీ మొయ్యనివ్వను. హమ్ అపనే సే ఆయేగా."

తనంతట తనే వస్తాడట. ఆమె అదే పట్టుకుంది. ఒక చక్రాల కుర్చీ తెప్పించింది. రోజూ నాలుగింటికి ప్రాక్టీసు.

"తాతా, ఆగగానే ఏం చెయ్యాలి?"

"రెండు బ్రేకులూ ఎయ్యాల."

"దిగే ముందు?"

"బ్రేకులే తల్లీ! మిల్లు ఇంజినుకి కూడా ఇన్నిసార్లు సెప్పనేదు ఎవుడూ."

రెండు వారాల్లో రోడ్డు మీద రెండొందల గజాలు తనే తోసుకుని స్కూలు దాకా వచ్చేశాడు. అక్కడ మూడడుగుల ఎత్తు వరండా, ఆరు మెట్లు. ఆమె కాగితం మీద ర్యాంపు గీసి తెచ్చింది. పొడవు ముప్పై ఆరు అడుగులు.

"ముప్పై ఆరా?" అన్నాడు సార్జెంటు.

నేనూరుకుంటే పోయేది. "మేడమ్, ఇది ర్యాంపా, రన్‌వేనా? నౌసోరి ఫ్లైటు ఇక్కడే దించుదామా?"

ఎనిమిదిమందిలో ఏడుగురు నవ్వారు. ఎనిమిదోవాణ్ణి నేను. నా జోకులకు నేను నవ్వను. సార్జెంటు కళ్ళు తుడుచుకుని తీర్పిచ్చాడు: పన్నెండడుగులు చాలు. కలప తక్కువుంది. శుక్రవారం హాలు ప్రారంభం. సువా నుంచి వచ్చే పెద్దమనిషి కూర్చుని, మర్యాదకిచ్చే యాంగోనా కషాయం తాగడానికి ముందువైపు వేదిక కట్టాలి. కాబట్టి ర్యాంపు వెనక తలుపుకి.

నేనే మేకులు కొట్టాను. ట్రక్కులోకి డ్రమ్ములు దొర్లించడానికి వేసుకునే వాలు. మాకు తెలిసిన ర్యాంపు అదే.

తాత సగం ఎక్కాడు. కుర్చీ వెనక్కి జారింది. ఆమె పట్టుకుంది.

"శుక్రవారం అయ్యాక వేదిక విప్పి పొడిగిస్తారా?" అని నన్నడిగింది.

"ప్రామిస్ మేడమ్."

బుధవారం ఆమెను ఇంకో ఊరికి పంపారు.

గురువారం, తొమ్మిదీ నలభై. రేడియో ఆపరేటర్ తల బయట పెట్టాడు. "ఇంకోటి వస్తోంది. ఒంటిగంటకల్లా అందరూ హాల్లో ఉండాలి." ఊళ్ళోవాళ్ళ లిస్టు నా చేతికిచ్చారు. పదకొండూ పదికి తాత గుమ్మంలో ఉన్నాను. ఆయన మందుల సంచీ సర్దుకుంటున్నాడు.

"తోసుకెళ్ళనా తాతా?"

"నువ్వెల్లు. ఏటి అవతల పిల్లల తల్లులున్నారు. నాకు రాంపు ఉంది కదా?"

"ఉంది," అన్నాను. పేరు పక్కన టిక్కు పెట్టాను.

పన్నెండున్నరకి రేడియో: "స్కూలుకి అందరూ వచ్చారా?"

"అందరూ," అన్నాను. నా టిక్కులు వరసగా, అందంగా ఉన్నాయి. మమ్మల్ని ఏటి అవతలికి పంపారు. హాల్లో ఉన్నవాళ్ళు గాలికి వెనక తలుపు గడియ వేసి, బెంచీలు అడ్డం పెట్టారు. తాతను ఆర్మీ ట్రక్కులో తీసుకెళ్ళిందనుకున్నారు. మేం హాల్లో ఉన్నాడనుకున్నాం.

రాత్రి గాలికి అక్కడే చిక్కుకుని, మర్నాడు ఉదయం ఏడింటికి తిరిగొచ్చాం. మేం వేసిన కప్పు ఒక్క రేకు కదల్లేదు. ముందు వేదిక అలాగే ఉంది. వెనక్కి వెళ్ళాను.

ర్యాంపు కింద కుర్చీ. తాత కుర్చీ దిగి, వెనక్కి తిరిగి కూర్చుని, చేతులతో పాక్కుంటూ ఎక్కాడు. ఆరో అడుగు దాకా వచ్చాడు. మందుల సంచీ మెడకు కట్టుకుని ఉన్నాడు. మా మెడిక్ మెడ దగ్గర చెయ్యి పెట్టి చూసి, "గుండె," అన్నాడు.

తలుపు ఒకటి ఊడదీశాం. నలుగురం మోశాం. ఎడమవైపు ముందర నేను. ఎవరైనా ఒక జోకు వేస్తే బాగుండుననిపించింది. ఆ డ్యూటీ నాదే.

మధ్యాహ్నం ఆమె వచ్చింది. నన్ను తిట్టలేదు. తిడితే జవాబు సిద్ధం చేసుకున్నాను. కుర్చీ తుడిచి, "ఇది ఇంకొకరికి కావాలి," అంది.

వారం తర్వాత మమ్మల్ని సువా పంపేశారు. ఆర్మీ వదిలేసి మూడేళ్ళయింది. తుఫాను హోరు మరిచిపోయాను. ఆయన మొహం కూడా కాస్త చెదిరింది. ఆ కుర్చీ మాత్రం పోదు: బురదలో, ఖాళీగా, రెండు బ్రేకులూ వేసి.

ఇప్పుడు లోవు అనే ఊరి దగ్గర హార్డ్‌వేర్ షాపులో కలప కోస్తాను. ర్యాంపుకని ఎవరైనా వస్తే చెబుతాను: ఎత్తు ఒక అడుగైతే పొడవు పన్నెండు. మూడడుగులకి ముప్పై ఆరు. చోటు చాలకపోతే మధ్యలో మలుపు తిప్పుకోవచ్చు.