గోంగూర మడికి సన్న పైపు

ఈ పొద్దున పెరట్లో మా మనవరాలు నీళ్ళ పైపు మూతికి బొటనవేలు అడ్డంపెట్టి నొక్కింది. నీళ్ళు కంచె దాకా ఎగిరిపడ్డాయి. "అమ్మమ్మా, చూడు, ఎక్కువ వాటర్ వస్తుంది!" అంది. నాకు నవ్వాగలేదు. అది పుట్టకముందు నేనూ అలాగే అనుకున్నాను మరి.

అప్పుడు దాని తల్లి, అంటే మా అమ్మాయి, కడుపుతో ఉంది. నేను అమెరికాలో వాళ్ళుండే ఈ కమ్మింగ్ ఊరికి వచ్చేసరికి మనిషి సగమైంది. ఏం తిన్నా నిలిచేది కాదు, గోంగూర పులుసుతో కలిపిన నాలుగు ముద్దలు తప్ప. కొట్లో దొరికే గోంగూర వాడిపోయి వాసనొచ్చేది, దానికే మళ్ళీ వాంతి. అందుకని ఎండ బాగా తగిలే చోటని కంచె పక్కన మడి కట్టి గింజలు చల్లాను. ఆ ఏడు వానల్లేవు. పొద్దున్నే కాసేపు తప్ప తోటలకి నీళ్ళు పెట్టకూడదన్నారు ఊరి నీళ్ళ ఆఫీసువాళ్ళు. కుళాయేమో ఇంటి గోడకి, మడేమో అల్లంత దూరాన. సన్న పైపైతే నీళ్ళు జోరుగా పోతాయని పట్టుబట్టి పొడుగాటి సన్న పైపు కొనిపించాను. మూతికి వేలు కూడా నొక్కేదాన్ని. నీళ్ళు జోరుగానే ఎగిరేవి, మొక్కలు మాత్రం తలలు వాల్చేశాయి.

ఓ శనివారం పొద్దున సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా అల్లుడు ఐదు గ్యాలన్ల బకెట్ తెచ్చి, ఫోన్‌లో టైమర్ పెట్టాడు.

"నీళ్ళకి కూడా లెక్కలేంటి బాబూ? మీ లెక్క తేలేలోపు నా గోంగూర ఎండుగడ్డవుతుంది," అన్నాను.

కుర్చీలోంచి మా అమ్మాయి, "ఆయన లెక్క చెయ్యకుండా అన్నం కూడా వండరమ్మా. అయినా మాడుస్తారు," అంది.

"సింపుల్ అత్తయ్యా. బకెట్‌లో ఎన్ని గ్యాలన్లో చూసి, నిండడానికి పట్టిన నిమిషాలతో భాగించడమే," అన్నాడు అల్లుడు. సన్న పైపుతో ఐదు నిమిషాలు పట్టింది, అంటే నిమిషానికి ఒక్క గ్యాలన్. పక్కింటివాళ్ళ లావు పైపు అడిగి తెచ్చి తగిలిస్తే నిమిషానికే బకెట్ నిండింది. ఎగరడం లేదు, చప్పుడు లేదు, ధార బద్ధకంగా పడిందంతే. "దూరం ఎగిరేది స్పీడ్ అత్తయ్యా. మొక్క తాగేది బకెట్‌లోకి వచ్చిన నీళ్ళని," అన్నాడు.

ఆ సాయంత్రమే లావు పైపు కొనుక్కొచ్చాడు. సన్నది ఎందుకు కొనిపించారని ఒక్క మాటనలేదు, ఆ మంచితనం నేను మరువను. మడి చిగురించింది. మా అమ్మాయి రెండోసారి అన్నం పెట్టించుకున్న రోజు, అల్లుడు వంటింట్లోకొచ్చి చేతులు కడుక్కునే నెపంతో కళ్ళు కడుక్కున్నాడు. నేను చూడనట్టు గరిటె తిప్పుతూ ఉండిపోయాను.

"వేలు తియ్యమ్మా," అన్నాను మనవరాలితో. ధార నెమ్మదించి మడిలోకి పడింది. ఏళ్ళు ఎగిరిపోయాయని అందరూ అంటారు. నా మటుకు అవి ఆ లావు పైపులో నీళ్ళలాగే, చప్పుడు చెయ్యకుండా బకెట్ నింపి వెళ్ళాయి.