గుండీల టీచర్

గౌలిపుర సందుల్లో లీలమ్మ ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. గుండీల టీచర్ ఇల్లు అంటే మాత్రం పాలు పోసే ఈశ్వరయ్య బర్రెను వదిలేసి మరీ వచ్చి గుమ్మం దాకా దించిపోతాడు.

ఆమెది పెద్ద చదువేం కాదు. కాన్వెంటు బడికి వాచ్‌మన్‌గా చేసిన సీమోను కూతురు. ఆ గేటు లోపలే నర్సరీలో చేరింది, ఆ గేటు లోపలే పదో తరగతి పాసయింది. కుట్టుపని నేర్చుకుని మళ్లీ ఆ గేటు లోపలికే క్రాఫ్ట్ టీచర్‌గా వచ్చింది. పెళ్లి కూడా ఆ ఆవరణలో ఉన్న చర్చిలోనే జరిగింది. చిన్నప్పుడు రోజూ సాయంత్రం గేటుకు తాళం వేస్తూ సీమోను, "అందరు పోయిండ్రు, నువ్వొక్కదానివే మిగిలినవ్ బిడ్డా" అని నవ్వేవాడు. నవ్వులాటకు అన్నమాటే. కానీ ఆ మాట ముల్లులా గుచ్చుకుని, తండ్రి పోయాక కూడా లీలమ్మ లోపల అలాగే ఉండిపోయింది.

కొన్నేళ్ల కింద బడిలో క్రాఫ్ట్ పీరియడ్ ఎత్తేశారు. కుట్టుపనికి మార్కులు రావు, మార్కులు రానిది బడిలో ఎందుకు! హెడ్ సిస్టర్ మంచి మనిషి. లీలమ్మను ఇంటికి పంపడానికి మనసొప్పక, చిన్న శిక్షణ ఇప్పించి కౌన్సెలర్‌ను చేసింది. చలి తగ్గి, ఈస్టరు ముందు ఉపవాసాల తపస్సు కాలం మొదలైన దగ్గర్నుంచి వేసవి సెలవుల దాకా, అంటే పరీక్షల గుబులు పిల్లల్ని పీక్కుతినే రోజుల్లో, వాళ్ల మాట వినడమే ఆమె పని. చర్చి పక్కన పాత కుట్టుమిషన్ల గది ఇచ్చారు. తలుపుకు బోర్డు కూడా పెట్టారు. ఒక్క పిల్ల లోపలికి వస్తే ఒట్టు. ఆ గదిలోకి పోయినవాళ్లకు పిచ్చి అని పేరు పడుతుందని వాళ్ల భయం.

ఒకరోజు ఒక పిల్ల అంగీకి గుండీ ఊడిందని వచ్చింది. లీలమ్మ సూదిలో దారమెక్కించి కుట్టడం మొదలుపెట్టింది. మెడ దగ్గర సూది ఉన్నప్పుడు మనిషి కదలడానికి లేదు, ఎదుటివాళ్ల కళ్లలోకి చూడనవసరమూ లేదు. గుండీ సగం పడేసరికి ఆ పిల్లకు ఏడుపొచ్చింది. ఇంటి సంగతంతా చెప్పేసింది. మర్నాడు ఇంకో పిల్ల, ఇంకో గుండీ. అవి ఊడినవి కావనీ పీక్కొచ్చినవనీ లీలమ్మకు మెల్లగా అర్థమైంది. అప్పట్నుంచి ఆ బడిలో "గుండీ ఊడింది" అంటే ఎవరూ నవ్వరు, ఏమైందనీ అడగరు.

పత్తర్‌గట్టిలో గుండీలు అమ్మే సాహెబుకు మాత్రం ఇన్ని గుండీలెందుకో అని ఆశ్చర్యం. "ఇత్తే బటనాఁ కైకు మేడమ్? బచ్చే ఖారే క్యా?" అనేవాడు. పిల్లలు గుండీలు తినడం లేదు భాయ్, పిల్లల్నే ఏవేవో తింటున్నాయి అనుకునేది లీలమ్మ. పైకి నవ్వేసి తెల్లవి ఇంకో ప్యాకెట్ తీసుకునేది.

గదికి ఒకే కట్టుబాటు. సూది పట్టగానే ప్రతి పిల్లకూ చెప్పేది. "ఈ గది మాట గడప దాటది. నువ్వు దాటించుమంటేనే దాటుతది." ప్రాణం మీదికొచ్చే సంగతైతే తప్ప ఆ మాట ఆమె ఎప్పుడూ తప్పలేదు.

ఆ ఫిబ్రవరిలో భిక్షపతి అనే తండ్రి, కొడుకు డాక్టర్ చదువు వద్దంటున్నాడని బడి మీదికి లొల్లికి వచ్చాడు. లీలమ్మ ఆయన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, "మీ కోరిక తప్పుగాదన్నా. గని అది మీ కోరిక. పిల్లగాని మెడల ఎందుకు కడ్తరు?" అంది. అంత పెద్ద మనిషీ మెత్తబడి, తువ్వాలతో మొహం తుడుచుకుంటూ వెళ్లాడు. స్టాఫ్‌రూమంతా లీలమ్మను మెచ్చుకుంది.

చెప్పడానికేం, ఎవరైనా చెబుతారు! ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆమె రచ్చ గెలిచి ఇంటికొచ్చేది.

ఇంట్లో స్వీటీ, ఒక్కగానొక్క కూతురు. అదే బడిలో పదో తరగతి. పరీక్షలు కాగానే దాన్ని ఊరి బయటి హాస్టల్ కాలేజీలో వేయాలని పట్టుబట్టింది లీలమ్మే. భర్త ప్రేమ్‌రాజ్ కరెంటు లైన్‌మన్, నెమ్మదస్తుడు. కూతురు మొర పెట్టుకుంటే, "మీ మమ్మీకే ఎర్క బిడ్డా, ఆమె చదువుకున్నది" అని స్తంభాలెక్కడానికి పోయేవాడు. "నేను పోను మమ్మీ" అని స్వీటీ రెండుసార్లు అంది. రెండుసార్లూ లీలమ్మ అదే జవాబు చెప్పింది. "ఏంది పోనంటవ్? నా లెక్క ఆ గేటు లోపల్నే ముసలిదానివైతవా?" రెండోసారి ఆ మాట అంటూ తనే ఏడ్చింది. తల్లి ఏడ్చాక పిల్ల ఇంకేం మాట్లాడుతుంది? స్వీటీ మూడోసారి అనలేదు. దారికొచ్చిందని లీలమ్మ సంతోషించింది.

మార్చి మొదట్లో, మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టాక, గది తలుపు దగ్గర స్వీటీ నిలబడింది. మెడ కింద గుండీ లేదు. పొద్దున జడ వేస్తున్నప్పుడు ఉంది, లీలమ్మ కళ్లారా చూసింది.

"గుండీ ఊడింది టీచర్."

లీలమ్మ కుట్టుడబ్బా మూత వేసింది. "ఇంటికి పోయినంక కుడ్త తియ్యి బిడ్డా."

"ఇక్కడనే కుట్టుండ్రి టీచర్. ఇంట్ల కుడితే ఆగుతలేదు."

రెండుసార్లు ప్రయత్నించినా దారం సూదిలోకి పోలేదు. స్వీటీయే ఎక్కించి ఇచ్చింది. లీలమ్మ అలవాటు ప్రకారం గడప మాట చెప్పింది. చెప్పకుండా ఉండాల్సిందని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో!

"లెక్కల పేపర్ నేను రాయ టీచర్" అంది స్వీటీ, గోడకేసి చూస్తూ. "నంబరేసి తెల్లగ ఇచ్చి వస్త. ఫెయిలైతే హాస్టల్ల తీస్కోరు గద."

"హాస్టలంటే ఎందుకంత భయం?"

"మొన్న చూడనీకి పోయినం. మా మమ్మీ డాడీ ఆఫీసుల కూసున్నరు. పైన కిటికి జాలీకి బట్టలారేస్తున్న హాస్టల్ అక్క ఒకామె నన్ను పిలిచి అడిగింది, గేటు బయట జామకాయల బండి ఇంక వస్తదా అని. బండి ఆడనే ఉన్నది టీచర్, గోడ పక్కకే. ఆమెకు కనబడదంట."

సూది ఆగిపోయింది. ఆ బండి దగ్గర ఆ రోజు లీలమ్మ జామకాయలు కొంది. ఉప్పూకారం చల్లించుకుని తింటూ, కాలేజీ మస్తుందని భర్తతో మురిసిపోయింది. స్వీటీ తన కాయ కొరకనే లేదని ఇప్పుడు గుర్తొచ్చింది.

"మీ మమ్మీకి ఈ ముచ్చట చెప్పొచ్చా?" అంది లీలమ్మ.

"వద్దు టీచర్. అందరి పిల్లల మాట వింటది, నాది వినదు. మళ్ల ఏడుస్తది" అంది స్వీటీ.

గుండీ వేయించుకుని, థాంక్యూ చెప్పి వెళ్లిపోయింది.

అప్పట్నుంచి లీలమ్మ పరిస్థితి కుడితిలో పడ్డ ఎలుక పరిస్థితి అయింది. టీచర్‌కు తెలిసినది తల్లికి తెలియకూడదు. ఇద్దరూ ఒకే చీరలో తిరుగుతున్నారు. పరీక్షలు మొదలయ్యాయి. పొద్దున్నే స్వీటీ నుదుటి మీద సిలువ గురుతు వేసి పంపుతూ, లెక్కల పేపరు గురించి నోటిదాకా వచ్చిన మాటను మింగేసేది. ఒకసారి ఆగలేక, "లెక్కలు బాగ చెయ్యి బిడ్డా, ఏం మనసుల పెట్టుకోకు" అంది. స్వీటీ తలెత్తి, "ఏ రూమ్‌ల మాట ఏ రూమ్‌ల మాట్లాడుతున్నవ్ మమ్మీ?" అంది. లీలమ్మ గిన్నెలు తోమడానికి పోయింది.

హాస్టల్ వద్దని ప్రేమ్‌రాజ్‌తో ఒక్క మాట అంటే చాలదా? చాలు. అడ్డుగా ఉన్నది కట్టుబాటేనని ఆమె తనకు తాను చెప్పుకుంది. అది అబద్ధం. ఆ కాలేజీ మాట వదులుకోవడానికి ఆమెకు మనసు రాలేదు. అది వదిలేస్తే తను ఎప్పటికీ ఆ గేటు లోపలే ఉండిపోయినట్టు. ఇన్నాళ్లు పిల్లల గుబులు విన్న మనిషికి, తన గుబులు చెప్పుకోవడానికి ఒక గది లేకపోయింది.

లెక్కల పరీక్షకు ముందు రోజు మధ్యాహ్నం. పైన రేకులు కాలిపోతున్నాయి. ప్రేమ్‌రాజ్ డ్యూటీకి పోయాడు. స్వీటీ ఒళ్లో లెక్కల పుస్తకం పెట్టుకుని, పేజీ తిప్పకుండా కూర్చుంది. లీలమ్మ వంటింట్లో నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత తన నైటీ పైగుండీ పట్టుకుని లాగింది. తన చేత్తో గట్టిగా కుట్టుకున్నదే. అంత తేలిగ్గా రాలేదు. దారం మెడ దగ్గర చర్మాన్ని కోసింది. ఇంకోసారి లాగింది.

కుట్టుడబ్బా తెచ్చి కూతురి ముందు పెట్టింది. అరచేతిలో గుండీ చూపించింది.

"గుండీ ఊడింది టీచర్."

స్వీటీ ఆ గుండీ వైపు, తల్లి మెడ మీద ఎర్రటి గీత వైపు చూసింది. పుస్తకం పక్కన పెట్టింది. దారం ఎక్కించి, ముడి వేసి, తల్లి మెడ దగ్గరికి వంగింది.

"ఈ గది మాట గడప దాటది" అంది మెల్లగా. "నువ్వు దాటించుమంటేనే దాటుతది."

"నాకు మా బడి గేటంటే భయం టీచర్" అంది లీలమ్మ. సూది దగ్గరే ఉంది, కదలడానికి లేదు. "మా బాపు తాళమేస్తుంటే లోపల నేనే మిగిలిన. ఎన్నడు బయటికి పోలె. నా బిడ్డనన్న పంపాలె అనుకున్న. దాన్ని పంపుతున్న అనుకున్న గని, నేను పోవాల్నన్న కోరిక దాని మెడల కట్టిన. అక్కడ గూడ ఒక గేటున్నదని ఒక పిల్ల చెప్పేదాంక నాకు తోచలే."

"ఏ పిల్ల?"

"అది చెప్పద్దు టీచర్. ఆ గది మాట."

స్వీటీ దారం చుట్టి, చుట్టి, అవసరమైన దానికంటే ఎక్కువే చుట్టి, పళ్లతో కొరికి తెంపింది. తల మాత్రం ఎత్తలేదు.

"మీ బిడ్డకు చెప్పొచ్చా?"

"చెప్పు" అంది లీలమ్మ. "అది వద్దన్న కాడికి పంపనని చెప్పు. ఇయ్యాల్నే చెప్పు. రేపు లెక్కల పరీక్ష ఉన్నది దానికి."