దేవునికి పోయిన మొదటి డబ్బా

ఎండిన కొమ్మకు కాపునిచ్చే దేవునికి స్తోత్రం. ఇన్నేళ్లు నా చేతుల పనిని కాచిన ఆయన నామానికే మహిమ.

2004 వేసవి. కాలుష్య నియంత్రణ విభాగంలో ఇంజినీరుగా చేవెళ్ల, మొయినాబాద్ నా పరిధి. రోడ్డుకు రెండు పక్కలా ఇంకా బంతిపూల చేలు, క్యారెట్ మళ్లు ఉండేవి. నగరంలో ఐటీ కంపెనీల క్యాబులు రాత్రింబగళ్లు తిరిగేవి. వాటి అరిగిన టైర్లు లారీల్లో ఇటు వచ్చేవి.

సురంగల్ ఊరు దాటాక సత్తయ్య కొత్తగా పెట్టిన పైరాలిసిస్ యూనిట్‌లో మొదటి ట్రయల్ రన్ చూడటానికి వెళ్లాను. పైరాలిసిస్ అంటే గాలి చొరని రియాక్టర్‌లో టైర్లను కాచి నూనె రాబట్టడం. ఆ నూనెను ఎవరికి, ఏ జాగ్రత్తలతో ఇవ్వవచ్చో షరతులు రాయడం నా పని. ముందుగా ఫ్లాష్ పాయింట్ చూస్తాం. ద్రవం మీది ఆవిరి నిప్పురవ్వకు అంటుకునే వేడిమి అది. మొట్టమొదట దిగే పలుచటి నూనెకైతే మామూలు ఎండ వేడే చాలు.

"మొదట దిగింది ఏది? శాంపిల్ తియ్యాలె," అన్నాను.

సత్తయ్య ఆ ఊరి క్రైస్తవ సంఘపెద్ద కూడా. ముఖం వెలిగిపోతుండగా చెప్పాడు.

"అది లేదు సార్. మొదటి పంట దేవునిది గదా. చేను ఉన్నప్పుడు కూరగాయలు ఇస్తుంటి. ఇప్పుడు ఇదే నా పంట. పొద్దుగాల్నే డబ్బా నింపి మందిరానికి పంపిన."

"మందిరంల దానితోటి ఏం పని?"

"ఇయ్యాల ప్రేమవిందు, సంఘమంత కలిసి తింటరు. రాత్రి గాలివానకు కట్టెలు తడిసినయి. వంట చేసే బాలమ్మవ్వ పొయ్యిల పోస్తది."

వెంటనే ఆయన్ను జీపులో ఎక్కించుకుని బయలుదేరాను. ప్రార్థన మాటలు రాలేదు. దారంతా ప్రభువు పేరొక్కటే పలికాను.

మందిరం వెనుక పొయ్యి పొగలు కక్కుతోంది. బాలమ్మ డబ్బా మూత తీస్తోంది.

"అవ్వా, ఆగు! పొయ్యకు!"

"ఏంది బిడ్డా గంత లొల్లి? అప్పుడే ఆకలైందా?"

డబ్బా లాక్కుని, మూత బిగించి, దూరంగా నీడన పెట్టాను. పోసి ఉంటే మంట ఎగిరి ఆమె చీరకే అంటుకునేదని వివరించాను. ఆమె సత్తయ్యను ఎగాదిగా చూసింది.

"ఏం సత్తయ్యా, విందుకు నన్నే వండుదామనుకున్నవా?"

అందరూ నవ్వారు, సత్తయ్య తప్ప. తిరిగి వస్తుంటే మెల్లగా అడిగాడు.

"దేవునికి ఇచ్చింది వాపసు ఎట్ల తెస్తం సార్?"

"అర్పణకు మచ్చ ఉండొద్దని సంఘంల చెప్పేది నువ్వే గదా అన్నా."

ఆయన డబ్బాను దగ్గరికి తీసుకుని మూత ఇంకోసారి బిగించాడు.

అనుమతిలో ఇలా రాశాను: తొలి నూనెను మూసిన ట్యాంకులో వేరుగా ఉంచాలి; లేబుల్ లేకుండా గానీ, అనుమతి లేని వారికి గానీ, దానంగానైనా గేటు దాటించరాదు. "దానంగానైనా ఏమిటయ్యా?" అని నవ్విన మా పై అధికారి, జరిగింది విని సంతకం చేశారు.

ఆ తర్వాతి ఆదివారం నేనూ ఆ మందిరానికి వెళ్లాను. సత్తయ్య షెడ్డు వెనుక మిగిలిన చేని ముక్కలో పండిన టమాటాలు గంపనిండా తెచ్చి ప్రభువు బల్ల ముందు పెట్టాడు. బాలమ్మ అందులో ఒకటి తీసి వాసన చూసి, "ఇది పొయ్యి మీదికి పనికొస్తది," అంది.

ఇప్పుడు సత్తయ్య షెడ్డు ఉన్నచోట ఫామ్‌హౌస్ గోడ ఉంది. అటు వెళ్లినప్పుడల్లా ఆ గంప గుర్తొస్తుంది. రసాయనానికి ఇచ్చేవాడి మనసు తెలియదు. అది ఏ చేతికి చేరుతుందో అడగడమే నా ఉద్యోగమని ఆ రోజు నేర్చుకున్నాను.

చదువుతున్న మీరూ నాతో ఒక్క క్షణం తల వంచండి: ప్రభువా, మేము ప్రేమతో ఇచ్చేది ఎవరికీ కీడు చేయకుండా మాకు తెలివినివ్వు. ఆమేన్.